పాత టేపు క్యామ్‌కార్డర్ మొరాయిస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి వీడియోల కాలంలో చాలా ఏళ్లు భుజాన కెమెరా మోసినవాణ్ని. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లు వీడియో తీయమని రారు. బీరువా అడుగున దొరికిన హ్యాండీక్యామ్, దాంతోపాటు చెప్పుల డబ్బా నిండా క్యాసెట్లు పట్టుకుని వస్తారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. మీకు కావలసింది కెమెరా కాదు, క్యాసెట్‌లో ఉన్న బొమ్మ. కెమెరా పోతే అదే మోడల్ ఇంకోటి ఎక్కడో దొరుకుతుంది. అక్క పెళ్లి టేపు ఇంకోటి దొరకదు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే చెబుతున్నాను. కెమెరా ఒక్కో టేపునీ ఒక్కసారి సరిగ్గా ఆడిస్తే చాలు, దాని రుణం తీరిపోయినట్టే.

నా దగ్గరున్నది ఏ రకం కెమెరానో నాకే తెలియదు. ఎలా పోల్చుకోవాలి?

కెమెరా కన్నా క్యాసెట్ చూస్తే తొందరగా తెలుస్తుంది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉంటే మినీ డీవీ. ఇది 1995లో వచ్చింది. మన దగ్గర మాత్రం 2000 తర్వాతే పెళ్లిళ్లలో బాగా కనిపించింది. ఆడియో క్యాసెట్ అంత ఉండి, కాస్త మందంగా ఉంటే 8 ఎంఎం కుటుంబం. అందులో మళ్లీ మూడు రకాలు: 1985 నాటి వీడియో8, 1989లో వచ్చిన హై8, 1999లో వచ్చిన డిజిటల్8. మూడింటికీ క్యాసెట్ ఒకేలా ఉంటుంది, లోపల రికార్డయ్యే పద్ధతి వేరు. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ని పొట్టిగా కోసినట్టు ఉంటే అది వీహెచ్‌ఎస్-సీ.

మినీ డీవీ క్యాసెట్‌లో ఒక చిక్కుంది. అదే క్యాసెట్‌లో మామూలు డీవీ ఉండొచ్చు, సోనీ పీడీ150, పీడీ170 లాంటి కెమెరాలతో తీసిన డీవీక్యామ్ ఉండొచ్చు, 2003 తర్వాత వచ్చిన హెచ్‌డీవీ కూడా ఉండొచ్చు. హెచ్‌డీవీ టేపుని మామూలు డీవీ కెమెరాలో పెడితే నీలం తెర తప్ప ఏమీ రాదు. టేపు పోయిందని ఏడవకండి. టేపూ మంచిదే, కెమెరా కూడా మంచిదే, వాటి భాషలే కలవలేదు. డీవీక్యామ్‌ని చాలా సోనీ కెమెరాలు ఆడిస్తాయి. మిగతా కంపెనీలవైతే ప్రయత్నించి చూడాల్సిందే.

కెమెరా దొరికింది. అన్నిటికన్నా ముందు ఏం చేయాలి?

క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. దాన్ని "సేవ్" వైపు జరపండి. కెమెరా మీద మళ్లీ చెయ్యి పడేలోగా ఈ పని అయిపోవాలి. ఒకాయన తన కొడుకు అన్నప్రాశన టేపు పెట్టి, ప్లే అనుకుని రికార్డు నొక్కాడు. ఇరవై సెకన్లపాటు ఆయన గది సీలింగ్ ఫ్యాను రికార్డయింది. ఆ ఇరవై సెకన్ల కింద ఏముందో ఎవరూ తిరిగి తేలేరు.

రెండోది, మంచి టేపుతో పరీక్ష చేయొద్దు. పనికిరాని టేపు ఒకటి వెతకండి. దాన్ని పెట్టి ఆడించండి, ముందుకీ వెనక్కీ తిప్పండి, బయటికి తీయండి. అలా మూడు నాలుగుసార్లు చేసినా నలగకుండా వచ్చిందంటేనే అసలు టేపు పెట్టండి.

మూడోది, బ్యాటరీ మీద నడపొద్దు, అడాప్టర్ పెట్టండి. లోపల గిర్రున తిరిగే డ్రమ్ముకి టేపు చుట్టుకుని ఉండగా బ్యాటరీ చచ్చిపోతే క్యాసెట్ లోపలే ఉండిపోతుంది.

కెమెరా అసలు ఆన్ కావడం లేదు. పోయినట్టేనా?

పదింట ఏడెనిమిది సార్లు పోయింది బ్యాటరీయే. పదేళ్లు ఛార్జింగ్ లేకుండా పడున్న లిథియం బ్యాటరీ చాలావరకు మళ్లీ లేవదు. సోనీ ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీ పట్టే కెమెరా అయితే మీ అదృష్టం. ఇప్పటి ఎల్‌ఈడీ వీడియో లైట్లకి కూడా అవే బ్యాటరీలు వాడతారు కాబట్టి ఏ కెమెరా షాపులోనైనా దొరుకుతాయి. మిగతావాటికి అడాప్టరే దిక్కు.

అడాప్టర్ కొనేటప్పుడు కెమెరా మీదో పాత అడాప్టర్ మీదో రాసి ఉన్న ఓల్టేజీ, ఆంపియర్లు చూడండి. చాలా సోనీ కెమెరాలకి 8.4 ఓల్టులు. పిన్ను సరిపోయింది కదా అని ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చకండి. నవ్వకండి, అలా కాలిపోయిన బోర్డులు నేను చూశాను.

అడాప్టర్ సరైనదే అయినా లైటు వెలగకపోతే బ్యాటరీ కూర్చునే చోట లోహపు రేకులు చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. అప్పటికీ రాకపోతే లోపలి ఫ్యూజు పోయి ఉండొచ్చు. అది బియ్యపు గింజ కన్నా చిన్నది, బోర్డు మీద అతికి ఉంటుంది. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైము అడుగుతోంది. ఇది కూడా రోగమేనా?

కాదు. లోపలి గడియారం బ్యాటరీ అయిపోయింది. పాత మోడళ్లలో సీఆర్2025 లాంటి బిళ్ల ఉంటుంది, మార్చేయండి. తర్వాతి వాటిలో ఛార్జ్ అయ్యే చిన్న బ్యాటరీ లోపలే ఉంటుంది. అడాప్టర్ తగిలించి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి ఒక రోజు వదిలేస్తే నిండుతుంది. నిండకపోయినా టేపులు ఆడించడానికి అడ్డమేమీ లేదు.

తెర మీద సి:21:00, సి:31:23 లాంటి అంకెలు వస్తున్నాయి. వాటి అర్థం ఏమిటి?

ఇవి సోనీ కోడ్‌లు. సి:04 అంటే బ్యాటరీ ఆ కెమెరాకి సరిపడే ఇన్ఫోలిథియం రకం కాదని. సి:21 అంటే లోపల తేమ చేరిందని. సి:22 అంటే డ్రమ్ము మీద ఉండి టేపుని చదివే హెడ్ మురికిగా ఉందని. సి:31, సి:32 అంటే టేపుని నడిపే యంత్రాంగంలో ఏదో పట్టేసిందని. ఈ:61, ఈ:62 అని వస్తే లెన్స్ వైపు గొడవ. టేపు ఆడటానికి దానితో పెద్ద పని లేదు.

సి:31, సి:32 తర్వాత వచ్చే చివరి రెండంకెలు మెకానిక్‌కి పనికొస్తాయి, కాగితం మీద రాసి పెట్టుకోండి. 10, 11 అయితే టేపుని లోపలికి లాగడం, వదలడం కుదరలేదని. 22, 23, 24 అయితే చుట్ట తిరగడం లేదని. 30 అయితే టేపుని లాగే క్యాప్‌స్టన్ మోటారు, 40 అయితే డ్రమ్ము మోటారు.

జేవీసీలో "సేఫ్‌గార్డ్ మోడ్" అని వస్తుంది, బ్యాటరీ తీసి పెట్టమంటుంది. పానాసోనిక్ రీసెట్ నొక్కమంటుంది. ఆ రీసెట్ సూది పట్టేంత రంధ్రంలో ఉంటుంది. క్యానన్ క్యాసెట్ బయటికి తీయమంటుంది, తీయనిచ్చే పరిస్థితి లేకపోయినా సరే.

సి:21కి మందు ఓపిక. క్యాసెట్ తీసి, తలుపు తెరిచి, కనీసం గంటసేపు పొడిగా ఉన్న గదిలో వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఎండలో పెట్టడం అసలు వద్దు. బియ్యం డబ్బాలో పెడితే బియ్యప్పిండి డ్రమ్ముకి అంటుతుంది. ఈ తేమ ఎలా వస్తుందో మాకు బాగా తెలుసు. ఏసీ గదిలో పెళ్లికూతురిని తీసి, అదే చల్లటి కెమెరా పట్టుకుని మే నెల పందిట్లోకి పరిగెత్తేవాళ్లం. లెన్స్ మసకబారేది. డ్రమ్ము మీదా అలాగే చెమ్మ పట్టేది, కాకపోతే కంటికి కనబడదు. తడి డ్రమ్ముకి టేపు అతుక్కుపోతుంది. కెమెరా ఆగిపోయి మిమ్మల్ని విసిగించేది టేపుని కాపాడటానికే. ఏసీలోంచి బయటికి వచ్చేముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, బయటి వేడికి అలవాటుపడ్డాక తీయడం అప్పట్లో మేం నేర్చుకున్న చిట్కా.

సి:31, సి:32 వస్తే అడాప్టర్, బ్యాటరీ రెండూ తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. ఖాళీగా క్యాసెట్ తలుపు ఐదారుసార్లు తెరిచి మూయండి. ఏళ్లతరబడి కదలక గట్టిపడిన గ్రీజు కొంచెం సడలుతుంది. కెమెరా పక్కన అరచేత్తో ఒక దెబ్బ వేస్తే కోడ్ పోతుందని చాలామంది చెబుతారు. నిజంగానే పోతుంది, మరుసటి టేపుకి మళ్లీ వస్తుంది. లోపల టేపు ఉండగా మాత్రం ఆ వైద్యం చేయొద్దు.

క్యాసెట్ లోపల ఇరుక్కుపోయింది. రావడం లేదు. లాగేయనా?

లాగొద్దు. ఎక్కువ టేపులు పాడయ్యేది ఈ ఒక్క తొందరపాటు వల్లే.

ముందు తేలికైనవి చూడండి. అడుగు నుంచి క్యాసెట్ పెట్టే కెమెరా అయితే, కింద ట్రైపాడ్ ప్లేట్ బిగించి ఉందేమో చూడండి. ప్లేటు అడ్డం వస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. కెమెరా లోపల ఏదో విరిగిందనుకుంటారు. ట్రైపాడ్ ప్లేట్ తీసేయగానే నవ్వుతూ వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు.

తర్వాత నిండు కరెంటు. అడాప్టర్ తగిలించి, ఎజెక్ట్ జరిపి, చెయ్యి తీసేసి పది సెకన్లు ఆగండి. తలుపు తెరుచుకోవడం ఒక దశ, లోపలి క్యాసెట్ బుట్ట పైకి లేవడం రెండో దశ. మధ్యలో గర్రుమని చప్పుడు వస్తుంటే, మోటారు టేపుని డ్రమ్ము నుంచి విడిపిస్తోందని అర్థం. తొందరపడి బుట్టని వేలితో తొయ్యకండి. మూసేటప్పుడు కూడా "పుష్" అని రాసి ఉన్న చోటే నొక్కాలి. పక్కన నొక్కితే బుట్ట వంకరపోతుంది. నా అనుభవంలో క్యాసెట్ తలుపు మూసుకోవడం లేదని వచ్చిన కెమెరాల్లో ఎక్కువ వాటి జబ్బు ఇదే.

బుట్ట పైకి వచ్చి, క్యాసెట్ బయటికి వచ్చి, టేపు మాత్రం లోపల చిక్కుకుని దారంలా వేలాడుతోందనుకోండి. కత్తెర ముట్టుకోవద్దు. చదునైన పుల్లతో, ఐస్‌క్రీమ్ పుల్ల చాలు, టేపుని ఏ రోలర్ దగ్గర పట్టుకుందో చూసి మెల్లగా పక్కకి జరపండి. విడిపోయాక క్యాసెట్ చుట్టని వేలితో తిప్పి లోపలికి చుట్టండి. టేపు మెరిసే ముఖాన్ని వేలితో తాకొద్దు. నలిగిన చోట ఒకటి రెండు సెకన్లు బొమ్మ చెదురుతుంది, మిగతాదంతా బాగానే ఉంటుంది.

క్యాసెట్ అసలు బయటికే రాకపోతే కెమెరా విప్పాలి. లోడింగ్ మోటారు చివర మరలాంటి చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పితే టేపు మెల్లగా వెనక్కి వస్తుంది. మెకానిక్‌లు ఇదే పనికి మోటారుకి విడిగా మూడు ఓల్టులు ఇస్తారు. రెండు పెన్సిల్ సెల్లులు చాలు. కానీ అక్కడిదాకా చేరడానికి పాతిక దాకా స్క్రూలు, కాగితం కన్నా పలచటి రిబ్బన్ కేబుళ్లు దాటాలి. ఫ్లాష్ ఉన్న కెమెరా అయితే దాని కెపాసిటర్‌లో వందల ఓల్టులు నిలవ ఉంటాయి, స్విచ్ ఆపినా సరే. పాత హై8లలో నలుపు తెలుపు వ్యూఫైండర్ చిన్న టీవీ ట్యూబు లాంటిది, అక్కడ వేల ఓల్టులు. అలవాటు లేకపోతే ఇక్కడ ఆగిపోవడం మంచిది.

బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోంది. హెడ్ శుభ్రం చేయాలా?

చాలామటుకు అంతే. మినీ డీవీలో డ్రమ్ము నిమిషానికి 9000 సార్లు తిరుగుతుంది, దాని మీద రెండు హెడ్‌లు. టేపు మీద ఒక్కో గీత వెడల్పు 10 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతుకి అటూఇటూ. దుమ్ము రేణువు ఒకటి అడ్డం పడితే చాలు, ఆ హెడ్ గుడ్డిదైపోతుంది. తెర అంతా అడ్డంగా ఒక చార మంచిది, ఒక చార గళ్లు, ఇలా వస్తుంటే రెండింట్లో ఒక హెడ్ మూసుకుపోయిందని ఖాయంగా చెప్పొచ్చు. హై8, వీడియో8 అయితే గళ్లు రావు, మంచు కురిసినట్టు చుక్కలు వస్తాయి.

మొదట క్లీనింగ్ క్యాసెట్. పొడి రకం కొనండి. దాని మీద రాసినన్ని సెకన్లే ఆడించాలి, మామూలుగా పది సెకన్లు. ఆ టేపు గరుకుగా ఉంటుంది, హెడ్‌ని అరగదీసే శుభ్రం చేస్తుంది. పూర్తిగా ఆడించి, వెనక్కి తిప్పి మళ్లీ ఆడించినవాళ్లు ఉన్నారు. వాళ్ల కెమెరాలు చాలా శుభ్రంగా ఉన్నాయి, బొమ్మ మాత్రం రాదు. మూడు నాలుగు ప్రయత్నాలకి మారకపోతే ఆపేయండి.

తర్వాతది చేత్తో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతం కావాలి. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే చోట ఐపీఏ అంటే ఇస్తారు. చేతుల శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. దూది పుల్ల కూడా వద్దు. దాని పోగు హెడ్ అంచుకి తగులుకుంటే హెడ్ ఊడిపోతుంది. మామూలు తెల్ల కాగితాన్ని వేలెడంత పట్టీగా కత్తిరించి, ఐపీఏలో తడపండి. క్యాసెట్ తలుపు తెరిచి, బుట్ట పైకి లేచాక కరెంటు తీసేయండి. వెండిలా మెరిసే డ్రమ్ము కనిపిస్తుంది. కాగితాన్ని డ్రమ్ము పక్కకి వేలితో మెత్తగా ఆనించి పట్టుకోండి, ఇంకో చేత్తో డ్రమ్ముని పై నుంచి నాలుగైదు చుట్లు తిప్పండి. కదలాల్సింది డ్రమ్ము, కాగితం కాదు. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది, ఆ తర్వాత ఆ కెమెరాకి వైద్యం లేదు. కాగితం మీద నల్లటి గీత పడిందంటే పని జరిగినట్టే. కొత్త పట్టీతో మళ్లీ చేయండి, గీత పడటం ఆగేవరకూ. అదే చేత్తో టేపుని నొక్కి పట్టే రబ్బరు పించ్ రోలర్ కూడా తుడవండి. పావుగంట ఆరనివ్వండి.

వీసీఆర్‌ల రోజుల్లో కరకరలాడే కొత్త నోటుతో హెడ్ తుడిచే మెకానిక్‌లు ఉండేవాళ్లు. వీసీఆర్ హెడ్ పెద్దది, ఓర్చుకునేది. మినీ డీవీ మీద ఆ సాహసం చేయకండి.

శుభ్రం చేశాక నా టేపులు బాగానే ఆడుతున్నాయి. బాబాయి వాళ్ల కెమెరాతో తీసిన ఒక్క టేపు మాత్రం ఆడటం లేదు. ఎందుకు?

అది ఎల్‌పీలో, అంటే టేపుని మెల్లగా నడిపి ఎక్కువసేపు పట్టించే లాంగ్ ప్లే పద్ధతిలో తీసి ఉంటారు. 60 నిమిషాల టేపులో 90 నిమిషాలు పట్టాలని చాలామంది ఎల్‌పీ పెట్టేవారు. అప్పుడు టేపు మీద గీతలు 10 నుంచి 6.7 మైక్రాన్లకి సన్నబడతాయి. తీసిన కెమెరాలో టేపుని దారిలో నడిపే గైడ్ వెంట్రుకవాసి పక్కకి ఉన్నా, ఇంకో కెమెరా ఆ గీతల్ని పట్టుకోలేదు. తీసిన కెమెరానే వెతికి దానిలో ఆడించండి. అది చచ్చిపోయిందంటే మూడు నాలుగు వేరు వేరు కెమెరాల్లో ప్రయత్నించండి, ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఒక టేపు కోసం మీ కెమెరా గైడ్‌ని తిప్పించకండి. ఆ ఒక్కటి ఆడుతుంది, మిగతా డబ్బా అంతా ఆగిపోతుంది.

క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లగా కనిపిస్తోంది.

బూజు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వైపు నుంచి వచ్చే డబ్బాల్లో ఇది మామూలే. గోదావరి గట్టునున్న మా ఊళ్లోనూ తక్కువేం లేదు. ఇలాంటి టేపు కెమెరాలో పెట్టొద్దు. ఆ పొడి హెడ్‌ని మూసేస్తుంది, తర్వాత పెట్టే మంచి టేపులకి కూడా అంటుకుంటుంది. బూజు టేపుల్ని మంచివాటి నుంచి విడదీసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో కొన్ని వారాలు ఉంచండి. పచ్చి బూజు ఎండితే పొడిగా రాలుతుంది. ఆ తర్వాత దాన్ని తుడిచే పని టేపు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకి ఇవ్వడమే నా సలహా. ఇంట్లో చేసి తీరాలంటే ముక్కుకి మాస్కు, ప్రాణానికి తెగించిన ఒక పాత కెమెరా, రెండూ ఉండాలి.

టేపు ఆడుతోంది. కానీ కెమెరా మోడ్‌లో పెడితే తెర నల్లగా ఉంది, లేదా రంగులు కారిపోయినట్టు ఉంది.

లెన్స్ మూత తీశారు కదా? సరే. అయితే సీసీడీ, అంటే లెన్స్ వెనక బొమ్మని పట్టే చిప్పు, పోయి ఉండొచ్చు. 2005 అక్టోబరులో సోనీ ఒక ప్రకటన చేసింది. తాను తయారుచేసిన కొన్ని సీసీడీలు వేడి, తేమ ఎక్కువున్న చోట లోపలి తీగ అతుకు ఊడి చెడిపోతున్నాయని. ఆ సీసీడీలు సోనీ కెమెరాల్లోనే కాదు, ఇతర కంపెనీల కెమెరాల్లోనూ ఉన్నాయి. వేడి, తేమ అంటే మన వాతావరణమే కదా. అప్పట్లో ఉచితంగా మార్చేవారు, ఆ గడువులు ఎప్పుడో దాటిపోయాయి. మీ పని టేపులు ఆడించడమే అయితే సీసీడీ జోలికి వెళ్లకండి. అది లేకుండానే కెమెరా మంచి ప్లేయరు.

మడత తెర నల్లగా ఉండి వ్యూఫైండర్‌లో బొమ్మ వస్తుంటే తెర మడత దగ్గర కేబుల్ తెగింది. అదీ అవసరం లేదు, టీవీకి తగిలించి చూడండి.

హై8 కెమెరాలో బొమ్మ వస్తోంది, శబ్దం లేదు. చేపల వాసన కూడా వస్తోంది!

1990 దశకం కెమెరాల్లో బోర్డు మీది చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కారతాయి. ఆ ద్రవం వాసనే అది. ముందు శబ్దం బలహీనమవుతుంది, తర్వాత బొమ్మ, తర్వాత ఏదీ ఉండదు. కెపాసిటర్లన్నీ మార్చి బోర్డు కడిగితే బతుకుతుంది. కానీ అవి పదుల్లో ఉంటాయి, ఓపికున్న చెయ్యి కావాలి. దాని బదులు పాత హై8 టేపుల్ని కూడా ఆడించగల డిజిటల్8 కెమెరా ఒకటి సంపాదించడం తేలిక. అన్ని డిజిటల్8లూ పాతవాటిని ఆడించవు, కొనే ముందు మోడల్ మాన్యువల్ చూసుకోండి.

8 ఎంఎం క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టే అడాప్టర్ ఉంటుందంటారు?

ఉండదు. అది వీహెచ్‌ఎస్-సీకి మాత్రమే ఉంది. ఎవరైనా అమ్మచూపితే కొనకండి.

అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన టేపులు ఇక్కడి కెమెరాలో ఆడటం లేదు.

అక్కడి వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. ఇక్కడ కొన్న మినీ డీవీ కెమెరాల్లో చాలావరకు ఎన్‌టీఎస్‌సీ టేపు ఆడవు. ఇటునుంచి అటూ అంతే, 1999లో గుంటూరులో తీసిన పెళ్లి టేపు డల్లాస్‌లో కొన్న హ్యాండీక్యామ్‌లో ఆడదు. టేపులు పంపే బదులు కెమెరానే తెమ్మనండి. అక్కడి అడాప్టర్ మీద 100-240 ఓల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చుకుని ఇక్కడ వాడుకోవచ్చు.

ఆడుతోంది సరే, కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి? కెమెరాకి యూఎస్‌బీ ఉంది కదా?

మినీ డీవీ కెమెరాల్లో యూఎస్‌బీ ఎక్కువగా మెమొరీ కార్డు ఫొటోల కోసం, నాసిరకం వెబ్‌క్యామ్ బొమ్మ కోసం పెట్టింది. అసలు బొమ్మ రావాలంటే ఫైర్‌వైర్ అనే వేరే పోర్టు, దాని కేబుల్ కావాలి. సోనీ దాన్నే ఐ.లింక్ అంది. టేపు మీద ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క అంకె మారకుండా కంప్యూటర్‌లోకి వస్తుంది. గంట టేపుకి 13 జీబీ దాకా పడుతుంది.

ఇబ్బంది ఏమిటంటే కొత్త కంప్యూటర్లకి ఆ పోర్టు లేదు. మ్యాక్‌లకి అడాప్టర్ల మీద అడాప్టర్లు గుచ్చి నెట్టుకొచ్చారు. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో ఫైర్‌వైర్‌ని పూర్తిగా తీసేసింది. నా దారి పాతదే: విండోస్ 7 నడిచే పాత డెస్క్‌టాప్, దానిలో ఫైర్‌వైర్ కార్డు, విన్‌డీవీ అనే ఉచిత ప్రోగ్రాం. లినక్స్ తెలిసినవాళ్లకి డీవీగ్రాబ్ ఉంది. కేబుల్ తగిలించేటప్పుడు రెండూ ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉండగా గుచ్చితే కెమెరా పోర్టు కాలిపోయే ప్రమాదముంది, అది కాలితే కెమెరా కొన్న పనే పోయింది.

హై8, వీడియో8, వీహెచ్‌ఎస్-సీలకి మూడు రంగుల ఏవీ కేబుల్, బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ డొంగిల్. ఎస్-వీడియో సాకెట్ ఉంటే బొమ్మకి అది వాడండి, శబ్దానికి ఎర్ర, తెల్ల తీగలు ఎలాగూ కావాలి. ఇక్కడ ఒక తికమక. కెమెరా వైపు సన్న జాక్ చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపలి తీగల వరుస కంపెనీకో రకం. పసుపు తీగలో బొమ్మ రాకుండా స్పీకర్‌లో గుర్రుమంటే, పసుపు తీసి ఎర్రది బొమ్మ సాకెట్‌లో పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మొదటిసారి ఆడించేటప్పుడే క్యాప్చర్ నొక్కి ఉంచండి. ముందు చూసి తర్వాత ఎక్కిద్దాం అనుకుంటే, రెండోసారికి టేపు అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు.

టేపు తెగిపోయింది. అతికించొచ్చా?

అతికించొచ్చు, కానీ మామూలు సెల్లో టేపుతో కాదు. దాని జిగురు డ్రమ్ము మీదకి కారుతుంది. తెగింది చివర్లో, అంటే చుట్టకి తగిలించే పారదర్శకపు తోక దగ్గరైతే క్యాసెట్ విప్పి తిరిగి బిగించడం తేలికే. మధ్యలో తెగితే రెండు ముక్కల్నీ రెండు ఖాళీ క్యాసెట్ పెట్టెల్లోకి మార్చి, విడివిడిగా ఆడించుకోవడం మంచిది. అతుకు హెడ్ మీద నుంచి వెళ్లాల్సిన అవసరమే ఉండదు.

రిపేరు ఎక్కడ చేయిస్తారు? ఎంతవుతుంది?

కంపెనీ సర్వీసు సెంటర్ల దగ్గర వీటి విడిభాగాలు అయిపోయి చాలాకాలమైంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగితే పాత వీడియో కెమెరాలు తెలిసిన చేతులు ఇంకా దొరుకుతాయి. వాళ్లు కొత్త పార్టు వేయరు, ఇంకో చచ్చిన కెమెరాలోంచి తీసి వేస్తారు. అందుకే రేటు పార్టుకి కాదు, ఆ మనిషి సమయానికి. ఇచ్చే ముందు రెండు అడగండి: "ఈ మోడల్ డెక్, అదే టేపు నడిపే భాగం, విప్పారా ఎప్పుడైనా?", "లోపల టేపు ఉంది, దాన్ని తెగకుండా తీస్తారా?" రెండోదానికి ఆలోచించి జవాబు చెప్పేవాడికి ఇవ్వండి. వెంటనే "ఓ, దానికేం" అనేవాడికి వద్దు.

హెడ్ అరిగిపోయినా, డ్రమ్ము మోటారు పోయినా రిపేరు గిట్టదు. అదే మోడల్ సెకండ్ హ్యాండ్ కొనడమే. అమ్మేవాళ్లు "ఆన్ అవుతుంది" అంటారు. ఆన్ అవడం కాదు, మీ పనికిరాని టేపు పట్టుకెళ్లి పది నిమిషాలు ఆడించి, ఎజెక్ట్ చేసి చూడండి.

టేపులన్నీ కాపీ అయ్యాయి. ఇక కెమెరాని పారేయొచ్చా?

కాపీలు రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయా? ప్రతి ఫైలునీ చివరిదాకా తెరిచి చూశారా, శబ్దం సహా? అప్పుడు బ్యాటరీ తీసేసి, క్యాసెట్ ఏదీ లోపల లేకుండా చూసి, కెమెరాని సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టండి. లేదంటే కోఠిలో ఇచ్చేయండి, దాని గేరో రోలరో ఇంకెవరి టేపునో ఆడిస్తుంది. క్యాసెట్లు మాత్రం ఉంచుకోండి. వెనక్కి పూర్తిగా తిప్పి, పెట్టెలో పుస్తకాల్లా నిలబెట్టి.